కొలంబో చూపించిన ఆ కాగితం కోర్టులో నిలుస్తుందా?

పోలీసు డిటెక్టివ్ కొలంబో కథలతో వచ్చిన అమెరికన్ టీవీ సీరీస్‌లో ‘మర్డర్ బై ది బుక్’ ఎపిసోడ్ గురించి ఇద్దరు అభిమానులు మాట్లాడుకుంటే, ఎక్కడ మొదలుపెట్టినా చివరికి ఆ ఆఖరి సాక్ష్యం దగ్గరికే చేరతారు. అది కోర్టులో నిలుస్తుందా? నిలవదనే నా లెక్క. అయితే అసలు చిల్లు అక్కడ లేదు, టెలిఫోన్ తీగలో ఉంది.

ఇంకా చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. ఆగకపోయినా పెద్ద నష్టం లేదు. డిటెక్టివ్ యుగంధర్ నవలల్లోలా హంతకుణ్ణి చివరి పేజీదాకా దాచిపెట్టే కథ కాదిది. ఎవరు చంపాడో, ఎలా చంపాడో ముందే కళ్ళారా చూస్తాం. మిగిలిందల్లా ఎలా దొరుకుతాడన్నదే.

1971 సెప్టెంబరు 15న ఎన్‌బీసీ ఛానల్‌లో వచ్చింది. అంతకుముందు 1968లో ఒకటి, 1971 మొదట్లో ఒకటి, రెండు టీవీ సినిమాలు వచ్చినా సీరీస్‌గా కొలంబో మొదలైంది దీంతోనే. రాసింది స్టీవెన్ బోచ్కో. తీసింది అప్పటికి 24 ఏళ్ళ స్టీవెన్ స్పీల్‌బర్గ్. అతని టీవీ సినిమా ‘డ్యూయల్’ రావడానికి ఇంకా రెండు నెలలుంది. 1997లో టీవీ గైడ్ పత్రిక వేసిన వంద గొప్ప ఎపిసోడ్ల జాబితాలో దీనిది 16వ స్థానం.

మెచ్చుకునేవాళ్ళందరూ ముందు చెప్పేది ఆరంభం గురించే. తెరమీద కారు వస్తూ ఉంటుంది. వినబడేది మాత్రం టైప్‌రైటర్. ఇంజను మోత లేదు, వీధి గోల లేదు, మాటల్లేవు. పైన గాజు కిటికీల ఆఫీసులో జిమ్ ఫెరిస్ (మార్టిన్ మిల్నర్) టకటకా టైపు చేసుకుంటూ ఉంటాడు, కింద కెన్ ఫ్రాంక్లిన్ (జాక్ కాసిడీ) కారు దగ్గరపడుతూ ఉంటుంది. చావబోయేవాడి పని చప్పుడే చంపబోయేవాడి రాకకు తాళం. బిల్లీ గోల్డెన్‌బర్గ్ తర్వాత సంగీతంలోనూ ఆ టకటకలను వదల్లేదు. ఛాయాగ్రహణం రసెల్ మెట్టీది. ఆర్సన్ వెల్స్‌కి ‘టచ్ ఆఫ్ ఈవిల్’ తీసిపెట్టిన చెయ్యి కాబట్టి టీవీ బడ్జెట్ అని ఎక్కడా అనిపించదు.

ఇక పథకం. కెన్, జిమ్ జంట రచయితలు. మిసెస్ మెల్విల్ అనే డిటెక్టివ్ నవలలతో డబ్బు గడించారు. రాసేది జిమ్ ఒక్కడే. కెన్ పని ఇంటర్వ్యూలు, పార్టీలు. జిమ్ విడిపోయి సొంతంగా రాసుకుంటానంటాడు. ఒకరి మీద ఒకరికి బీమా పాలసీ ఉంది. జిమ్ పోతే డబ్బు వస్తుంది, ఊరికే వెళ్ళిపోతే కెన్‌కు కలం రాదన్న గుట్టు బయటపడుతుంది.

రాజీ కుదుర్చుకుందామని చెప్పి శాన్ డియేగో వైపున్న తన కేబిన్‌కు తీసుకెళ్తాడు కెన్. బయల్దేరే ముందు లైటర్ మర్చిపోయానని మళ్ళీ పైకెళ్ళి, ఆఫీసంతా చిందరవందర చేసి, మాఫియా పేర్ల జాబితా ఒకటి అక్కడ పెట్టి వస్తాడు. దారిలో ఒక కొట్టు దగ్గర ఆగి జిమ్ భార్య జోవానాకు ఫోన్ చేస్తాడు, తను ఊళ్ళో లేనని రుజువు ఉండాలిగా. కేబిన్‌కు చేరాక, ఆఫీసులో పని ఉంది, ఆలస్యమవుతుందని భార్యకు అబద్ధం చెప్పమని జిమ్‌తోనే ఫోన్ చేయిస్తాడు. ఆ మాటల మధ్యలోనే కాలుస్తాడు. జోవానా చెవికి భర్త ఆఫీసులో హత్యకు గురయ్యాడు. శవం కారులో లాస్ ఏంజలెస్‌కు తిరిగొచ్చి కెన్ ఇంటి ముందు గడ్డిమీదే తేలుతుంది, మాఫియావాళ్ళు హెచ్చరికగా పడేసినట్టు.

సాక్షి కోసమని ఆగిన ఆ కొట్టే కెన్ కొంప ముంచింది. కొట్టు నడిపే లిల్లీ లా సాంకా (బార్బరా కోల్బీ) కారులో కూర్చున్న జిమ్‌ను చూసింది. 15,000 డాలర్లడుగుతుంది. డబ్బిచ్చి, షాంపేన్ తాగించి, ఆ సీసాతోనే కొట్టి, చెరువులో మునిగి చనిపోయినట్టు చూపిస్తాడు. ఈ రెండో హత్య చవకగా ఉందని, కథ ఇక్కడ జారిందని విసుక్కునేవాళ్ళున్నారు. చవకగా ఉండాలి మరి! ముడి విడిపోయేది దీనివల్లే.

చిన్న ఆధారాల్లో నాకు నచ్చింది ఉత్తరాలది. ప్రాణస్నేహితుడి శవం ముంగిట్లో పడి ఉంటే, కెన్ లోపలికెళ్ళి ఆ రోజు వచ్చిన టపా చించి చూసుకున్నాడు. మనసు మళ్ళించుకోవడానికి అన్నట్టు సమర్థించుకుంటాడు. కొలంబో అప్పటికి తలాడించి ఊరుకుంటాడు. వార్త తెలిశాక విమానమెక్కకుండా రెండు గంటలు కారు నడుపుకుంటూ ఎందుకొచ్చావన్న ప్రశ్న కూడా గట్టిదే. డిక్కీలో శవం ఉన్నవాడు విమానం ఎలా ఎక్కుతాడు?

ఇప్పుడు ఫోన్ సంగతి. మన ట్రంక్‌కాల్ రోజుల్లో అయితే ముందు ఆపరేటర్ గొంతు వినబడి పథకం అక్కడే చెడేది. 1971 అమెరికాలో నేరుగా డయల్ చేసుకోవచ్చు కాబట్టి జోవానాకు తేడా తెలియదు. కానీ ఆపరేటర్ లేనంత మాత్రాన లెక్క లేకుండా పోదు. దూరప్రాంతపు కాల్‌కు నిమిషాల చొప్పున డబ్బు కట్టాలి. ఏ నంబరు నుంచి ఏ నంబరుకు, ఎంతసేపు అన్నది ఎక్స్ఛేంజిలో యంత్రమే నమోదు చేసుకుంటుంది. తుపాకీ పేలిన నిమిషంలో జోవానా లైన్‌లో ఉన్న కాల్ ఒక్కటే. అది కెన్ కేబిన్ నుంచి వచ్చిందని ఆ నమోదు చెబుతుంది. ఆఖరి దెబ్బ దీంతో కొట్టి ఉంటే లాయరెవరూ అడ్డుపడలేరు. పైగా ఆఫీసులో కాల్చారంటే అక్కడ రక్తపు మరక ఒక్కటైనా ఉండాలి కదా.

దీని బదులు కొలంబో బయటికి తీసింది జిమ్ కాగితాల్లో దొరికిన పాత చీటీ. ‘అ’ అనేవాడు ‘ఆ’ను దూరపు ఇంటికి తీసుకెళ్ళి, ఊళ్ళో ఉన్నానని భార్యకు ఫోన్ చేయించి చంపుతాడు అని కథ ఆలోచన రాసి ఉంది. దాని విలువ అంతే, కథ ఆలోచన. రచయిత బల్లమీద హత్యల చీటీలు ఉండక ఏముంటాయి? కెన్ నోరు మూసుకుని ఉంటే బయటపడేవాడేమో.

మూసుకోలేడు. కొలంబో గురిపెట్టింది అక్కడే. రెండో హత్య అంత మొరటుగా చేసినవాడికి మొదటిదాని తెలివి ఎక్కణ్ణుంచి వచ్చింది, అది జిమ్ బుర్రలోదే అయ్యుండాలి అంటాడు. బీమా గురించి, అబద్ధాల గురించి ఎంత గుచ్చినా చలించని మనిషి ఈ మాటకు మాత్రం ఊరుకోడు. అది తన ఆలోచనేనని, తనకు తట్టిన మంచి ఆలోచన అదొక్కటేనని, ఐదేళ్ళ కిందట జిమ్‌కి చెబితే వాడు రాసిపెట్టుకుంటాడని ఎవరనుకున్నారని ఒప్పేసుకుంటాడు. చీటీ సాక్ష్యంగా పనికిరాకపోయినా ఎరగా బాగానే పనిచేసింది. కాసిడీ ఆ మాటలు ఏడుపులేకుండా, కాస్త గర్వంగా కూడా పలుకుతాడు. ఇంకో రెండు ఎపిసోడ్లలో హంతకుడిగా అతన్నే పిలిచారంటే ఊరికే కాదు.

జోవానాకు కొలంబో ఆమ్లెట్ వేసిపెట్టే సన్నివేశం కథకు అక్కర్లేదనేవాళ్ళతో నేను వాదించను. ఉంటే బాగుంది, అంతే.

అన్నట్టు, కొలంబో పాత్రను సృష్టించిన రిచర్డ్ లెవిన్సన్, విలియం లింక్ కూడా బడిరోజుల నుంచీ జంటగా రాసుకుంటూ వచ్చినవాళ్ళే. సీరీస్‌ను ఈ కథతోనే ప్రసారం మొదలుపెట్టినప్పుడు ఆ ఇద్దరూ ఒకరినొకరు ఎలా చూసుకున్నారో మరి.