మేకపాల కేకు, జొన్నపిండి, బాలానగర్ సీతాఫలం

మేకపాలతో కేకు చేస్తానంటే మా పాలమూరులోనే ముందు ముక్కు చిట్లిస్తారు. ఊరూరా మేకలున్న జిల్లా, అయినా పాలు తాగేవాళ్లు తక్కువే. తప్పు పట్టడానికేం లేదు. ఇక్కడి మేకల్ని పెంచేది మాంసం కోసం. పూటకు పిండితే వచ్చేది గ్లాసో, గ్లాసున్నరో. నేను పాలు తెచ్చుకునే పెద్దమ్మను మొదట అడిగినప్పుడు "నీకు పోస్తే పిల్లలకేం తాపాలె బిడ్డా?" అంది. పిల్లలు ఆకు కొరకడం నేర్చాక, అదీ వానలు పడి మేత దండిగా ఉన్నప్పుడు, పొద్దటి పాలు మాత్రం నాకు పోస్తుంది.

ఇక వాసన. అది కాప్రిక్, కాప్రిలిక్ లాంటి కొవ్వు ఆమ్లాల పని. పాలకొవ్వులో కుదురుగా ఉన్నంతసేపు వాటి జోలి మనకుండదు. పాలు వెచ్చగా నిలవున్నా, బండి మీద కుదుపులకు చిలికినట్టయినా అవి విడివడి బయటపడతాయి. పోతు పక్కనే తిరుగుతుంటే దాని కంపు సరేసరి. పెద్దమ్మ పోతును అవతల గుంజకు కట్టేసి, పొదుగు కడిగి పిండుతుంది. నా స్టీలు క్యాను ఐసుగడ్డల బకెట్లో కూర్చుని ఇంటికి వస్తుంది. రాగానే వడగట్టి కాచేస్తా. పచ్చిపాలు ఎవరు అడిగినా ఇవ్వను. బ్రుసెల్లోసిస్ జ్వరం పచ్చిపాల ద్వారా మేకల నుంచి మనుషులకు అంటుకోగలదు.

మేకపాల మీద మీగడ మందంగా కట్టదు. కొవ్వు బిందువులు మరీ చిన్నవి, పైకి తేలడానికి బద్ధకిస్తాయి. కాబట్టి వెన్న తీసే ఆశ వదిలేసి గానుగ పల్లినూనె వాడతా. నన్నడిగితే జొన్నకు వెన్న కంటే పల్లినూనే జోడు.

జొన్నపిండి దగ్గర మాత్రం ఓపిక కావాలి. పిండిని అలాగే కలిపేస్తే కేకు ఇసుకలా పలుకుతుంది, కోస్తే రాలిపోతుంది. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే జిగురు జొన్నలో లేదు, పట్టి ఉంచేదేదీ లేదు. రొట్టెకు మరిగే నీళ్లు ఎందుకు పోస్తామో ఇక్కడా అదే కిటుకు. ఒక కప్పు జొన్నపిండి మీద ముప్పావు కప్పు మరుగుతున్న మేకపాలు పోసి, గరిటెతో తిప్పి మూత పెడతా. అరగంటకు పిండి పాలన్నీ తాగి ముద్దవుతుంది, వేళ్ల మధ్య నలిపితే పలుకు తగలదు. అప్పుడే కప్పు గోధుమపిండి, అరకప్పు నూనె, రెండు నాటుకోడి గుడ్లు, ముప్పావు కప్పు మేకపెరుగు, చెంచా బేకింగ్ పౌడరు, అర చెంచా సోడా. బెల్లం కప్పు, అదీ నల్లగా ఉన్నదే. పసుప్పచ్చగా మెరిసే బెల్లంలో రంగు తేలడానికి వేసే హైడ్రోస్ రసాయనం పడి ఉండొచ్చు, నాకు నమ్మకం లేదు. కొద్ది నీళ్లలో కరిగించి, వడగట్టి, పూర్తిగా చల్లారాకే కలపాలి. వేడి పాలు, వేడి బెల్లం కలిశాయంటే విరుగుడే, పాయసం చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. పైన గుప్పెడు నువ్వులు చల్లి, 180 డిగ్రీల దగ్గర నలభై నిమిషాలు. కరెంటు పోయిందా, ఓవెన్ తలుపు తెరవకండి, అంతే.

సీతాఫలాలొచ్చాక నా పండగ. బాలానగర్ రకానికి పేరిచ్చిన ఊరు మాదే, గుట్టల మీద చెట్లు వాటంతటవే మొలుస్తాయి. కంట పడ్డ ఆకునల్లా కొరికే మేక సీతాఫలం ఆకును మాత్రం ముట్టదు. అందుకే మందలు తిరిగే గుట్టల మీదా ఆ చెట్లు బతికిపోయాయి. ఈ గుజ్జును ఓవెన్లో పెట్టకూడదు, వేడి తగిలితే చేదెక్కుతుంది. మేకపెరుగు ఎలాగూ పలచగానే తోడుకుంటుంది. బట్టలో కట్టి రాత్రంతా వేలాడదీస్తే తెల్లారేసరికి సున్నమంత తెల్లటి ముద్ద దిగుతుంది. ఆవుపాలకుండే పసుపు ఛాయ దీనికి లేదు, కెరోటిన్ ఉండదు కదా. ఆ ముద్దలో గింజలు తీసిన గుజ్జు కలిపి, చల్లారిన కేకు మీద పూస్తా. పెరుగు పులుపు, పండు తీపి, కింద బెల్లం. చక్కెర అక్కర్లేదు.

ఆర్డరిచ్చే అక్కలు తరచూ ఒకటి అడుగుతారు: "మా బాబుకు పాలు పడవు, మేకపాలవైతే పెట్టొచ్చా?" పాలచక్కెర, అదే లాక్టోజ్, ఇందులోనూ దాదాపు అంతే ఉంది. ఆవుపాల ప్రొటీన్ అలర్జీ ఉన్న పిల్లల్లో చాలామందికి మేకపాలూ పడవు. డాక్టర్ని అడక్కుండా నా కేకు పెట్టొద్దని ముందే చెప్పేస్తా. ఒక ఆర్డరు పోతుంది, పోనీ.

ధర ఎక్కువని కొందరి అలక. పాలకే పెద్దమ్మకు ప్యాకెట్ పాల మీద రెట్టింపు ఇస్తున్నా, ఇవ్వాలి కూడా. ఎండలు ముదిరి పొదుగులు ఎండాక మేకపాల కేకు ఉండదు. వేసవి పుట్టినరోజులకు గేదెపెరుగుతో చేసిస్తా, రుచి వేరే అని చెప్పి మరీ.