పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియం: ఆ రాళ్లు వచ్చిన దారి

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న రాష్ట్ర పురావస్తు మ్యూజియానికి వచ్చేవారిలో చాలామంది ఈజిప్టు మమ్మీని చూసి వెనుదిరుగుతారు. అక్కడి శిల్పాల ముందు ఎక్కువసేపు నిలబడేవారు తక్కువ. నాకు ఆ మ్యూజియం అంటే శిల్పాలే.

మూసీ ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియం ప్రధానంగా ఒక కుటుంబం అభిరుచితో కొని కూడబెట్టిన వస్తువులతో ఏర్పడింది. నాంపల్లి శిల్పాల కథ వేరు. 1914లో హైదరాబాద్ సంస్థానం పురావస్తు శాఖను ఏర్పాటు చేసి గులాం యజ్దానీకి దాని బాధ్యతలు అప్పగించింది. ఏడో నిజాం కాలంలో, 1930లో, ఈ మ్యూజియం హైదరాబాద్ మ్యూజియం పేరుతో ప్రారంభమైంది. 1940ల తొలినాళ్లలో యజ్దానీ ఆధ్వర్యంలో ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోని కొండాపూర్ దిబ్బలను తవ్వినప్పుడు శాతవాహనుల కాలపు పట్టణ జీవనం వెలుగుచూసింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడడంతో శాఖ పరిధి కోస్తా, రాయలసీమలకూ విస్తరించింది. ఆ తర్వాత నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిపోనున్న ఏలేశ్వరంలో, నీళ్లు రాకముందే తవ్వకాలు జరిపి దొరికినవాటిని కాపాడుకోవలసి వచ్చింది. అంటే ఈ సంపద కొంత పరిశోధన వల్ల, కొంత రాష్ట్రాల సరిహద్దులు మారడం వల్ల, కొంత ఊళ్లు మునిగిపోవడం వల్ల పెరుగుతూ వచ్చింది.

ఇక శిల్పాల దగ్గరికి వస్తే, రాయిని బట్టే ప్రాంతాన్నీ కాలాన్నీ కొంతవరకు పోల్చుకోవచ్చు. బౌద్ధ ఫలకాలది పాలిపోయిన పలనాటి సున్నపురాయి. పటాన్‌చెరు జైన తీర్థంకరులది నున్నటి నల్లరాయి. కాకతీయ శిల్పి ఆ నల్లరాతి మీద హారాలను ఎంత లోతుగా తొలిచాడంటే, పూసల వెనుక నీడ కూడా నిలుస్తుంది. అదే శిల్పాన్ని వెనుక నుంచి చూస్తే ఉలి గాట్లు అలాగే మిగిలి ఉంటాయి, ఎందుకంటే గోడకు ఆనించి నిలిపే విగ్రహానికి వీపు చెక్కవలసిన అవసరం లేదు. గుడిలో ఎవరికీ కనిపించని ఆ వైపు మ్యూజియంలో మనకు కనిపిస్తుంది. పోరులో చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన వీరగల్లులను మాత్రం కింది నుంచి పైకి చదవాలి: కింద యుద్ధం, మధ్యలో వీరుణ్ణి స్వర్గానికి తీసుకువెళ్లే అప్సరసలు, పైన లింగానికి పూజ. ఊరి పొలిమేరలో నిలిచి ఒక మనిషి చావును ఊరంతటికీ గుర్తుచేసిన రాయి అది.

ఇక్కడే నాకొక కోరిక. సాధారణంగా విగ్రహం పక్కనుండే పలక పేరు, శతాబ్దం, ఊరు చెప్పి ఊరుకుంటుంది. ఏ తవ్వకంలో దొరికింది, ఏ సంవత్సరంలో తెచ్చారు, గుడి శిథిలమై తెచ్చారా, నీట మునుగుతుందని తెచ్చారా అన్నది కూడా రెండు వరుసల్లో, తెలుగులో, ఉర్దూలో రాయాలి. ఆ ఊళ్ల నుంచి నగరానికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. తమ ఊరి దేవుడు ఇక్కడికి ఎలా చేరాడో వాళ్లకు తెలియాలి.