తెల్లబడిన పగడానికి ముందు నీడ, తర్వాత తిండి

ఇంట్లో ఉప్పునీటి టాంకులో పెంచుకునే పగడం తెల్లబడిందని గమనించగానే మొదట తేల్చుకోవాల్సింది, సున్నపు గూడు మీద కండ ఇంకా ఉందా, ఊడిపోయిందా అని. లైట్లు ఆర్పేశాక పక్కనుంచి టార్చి వేసి చూడండి. పల్చటి పొర తడిగా మెరుస్తూ, నోటి చుట్టూ కాస్త ఉబ్బుగా కనిపిస్తే పగడం బతికే ఉంది. అనుమానంగా ఉంటే కరిగించిన రొయ్య నీళ్లు రెండు చుక్కలు దాని దగ్గర వదలండి. పావుగంటలో టెంటకిల్స్ (నోటి చుట్టూ ఉండే సన్నటి వేళ్లలాంటివి) బయటికొస్తే తిండి తినే ఓపిక ఉన్నట్టే. అడుగునుంచి కండ పొరలు పొరలుగా లేచిపోతుంటే మాత్రం అది బ్లీచింగ్ (పగడం రంగు పోయి తెల్లబడటం) కాదు. దాని వైద్యం వేరు.

పగడం కండలో ఉండే జూజాంథెల్లే అనే సూక్ష్మ నాచు వెలుగుతో ఆహారం తయారుచేసి, పగడానికి కావలసిన శక్తిలో చాలా భాగం అందిస్తుంది. వేడి, వెలుగు రెండూ ఎక్కువైతే ఆ నాచులో కిరణజన్య సంయోగక్రియ దెబ్బతిని, కండకు హాని చేసే ఆక్సిజన్ రూపాలు పుడతాయి. అప్పుడు పగడం నాచును బయటికి నెట్టేస్తుంది. అక్కణ్ణించి అది ఆకలితో ఉన్న జీవి. 2024 వేసవిలో లక్షద్వీప్‌లో జరిగిందీ ఇదే. సముద్రంలో ఎండను ఎవరూ తగ్గించలేరు గానీ టాంకులో తగ్గించవచ్చు. మన చేతిలో ఉన్న పెద్ద మందు అదే.

విశాఖలో అసలు చిక్కు ఉక్కపోత. నీటి మీద ఫ్యాన్ పెడితే ఆవిరి వల్ల చల్లబడుతుందన్నది నిజమే. కానీ మే, జూన్ నెలల్లో మన గాలిలో ఉన్న తేమకు ఆవిరి సరిగా లేవదు, రెండు డిగ్రీలు తగ్గడమే గొప్ప. పైగా 200 లీటర్ల టాంకులో 4 లీటర్లు ఆవిరైతే లీటరుకు 35 గ్రాములు ఉండాల్సిన ఉప్పదనం 35.7కి పోతుంది. ఆ లోటును ఆర్‌ఓ నీటితోనే నింపాలి, ఉప్పునీటితో కాదు. నీళ్లు 28 డిగ్రీలు దాటుతున్నాయంటే చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) తప్పదు. దాన్ని 26కి పెట్టండి. మూసిన క్యాబినెట్‌లో పెడితే తను వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుని ఆగకుండా తిరుగుతుంది, నీళ్లు మాత్రం చల్లబడవు. బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ వైపు ఇళ్లలో ఉప్పుగాలికి కండెన్సర్ రేకులు తుప్పు పడతాయి కాబట్టి నెలకోసారి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపాలి. చిల్లర్ వచ్చేలోగా ఐసు సీసాలు వాడవచ్చు గానీ గంటకు అర డిగ్రీకి మించి దించకండి. హఠాత్తుగా చల్లబరిస్తే అది రెండో దెబ్బ. థర్మామీటర్లు రెండు ఉంచి, మధ్యాహ్నం 4 గంటలకు, తెల్లవారుజామున చూసి రాసుకోండి.

వెలుగు సంగతి. పగడాన్ని ఒక్కసారే కిందికి, నీడలోకి జరిపి అక్కడే వదిలేయండి. రోజుకో చోట మార్చడం వల్ల పోయేవే ఎక్కువ. రాతికి అతుక్కుపోయి ఉంటే నైలాన్ దోమల జాలిని రెండు మడతలు వేసి దాని పైన, నీటికి కాస్త ఎత్తులో కట్టండి (ఇనుప జాలి వద్దు, తుప్పు నీళ్లలోకి దిగుతుంది). పార్ మీటరు (నాచుకు పనికొచ్చే వెలుగును కొలిచేది) దొరికితే 50 నుంచి 80 మధ్య చాలు. లేకపోతే ఎల్‌ఈడీలో తెల్ల ఛానెల్‌ను బాగా తగ్గించి, మొత్తం వెలుగును మునుపటి దాంట్లో 40 శాతానికి దించండి. పూర్తి చీకటి మాత్రం వద్దు, కండలో మిగిలిన కొద్దిపాటి నాచు మళ్లీ పెరగాలంటే దానికి వెలుగు కావాలి.

వేడి లేకున్నా తెల్లబడితే నీళ్లు మరీ శుభ్రంగా ఉన్నాయేమో చూడండి. దీన్ని చాలామంది నమ్మరు. పెద్ద స్కిమ్మరు (నురగతో నీటిలోని మలినాలు తీసే పరికరం), ఫాస్ఫేట్ తీసే మీడియా (ఫిల్టరులో వేసే గుళికలు), నాలుగే చేపలు ఉంటే నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకు పడిపోతాయి, నాచు పస్తులుంటుంది. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉంచాలి. ముందు ఫాస్ఫేట్ మీడియా తీసేయండి, స్కిమ్మరు రోజుకు కొన్ని గంటలే నడపండి, చేపల మేత పెంచండి. రెండు వారాలకూ నైట్రేట్ కదలకపోతే శుద్ధమైన సోడియం నైట్రేట్ 13.7 గ్రాములను లీటరు ఆర్‌ఓ నీటిలో కరిగించుకోండి. అందులో 10 మి.లీ. వేస్తే 100 లీటర్ల నీటిలో నైట్రేట్ 1 పీపీఎం పెరుగుతుంది. రోజుకు అంతకు మించవద్దు. ఫాస్ఫేట్ సున్నా దగ్గరే ఉండగా నైట్రేట్ ఒక్కటే పెంచితే బ్లీచింగ్ ముప్పు ఇంకా ఎక్కువ, కాబట్టి రెండూ కొలవకుండా ఈ పని మొదలుపెట్టకండి.

ఇక తిండి. హ్యామర్, టార్చ్, బ్రెయిన్ లాంటి పెద్ద నోటి పగడాలకు వారానికి మూడుసార్లు పెట్టాలి. ఫిషింగ్ హార్బరులో దొరికే తాజా పచ్చి రొయ్యను ఒలిచి, ఆర్‌ఓ నీటిలో కడిగి, పెసరబద్దంత ముక్కలుగా తరిగి గడ్డకట్టించుకోవచ్చు. లైట్లు ఆరిన గంటకు పంపులన్నీ ఆపి, ఒక్కో నోటికి ఒక్కో ముక్క సిరంజితో మెల్లగా వదలండి. చేపలు, రొయ్యలు లాక్కుపోకుండా అడుగు కోసేసిన నీళ్ల సీసాను 20 నిమిషాలు పైన బోర్లించండి. పంపులు తిరిగి వేయడం మర్చిపోవద్దు. తెల్లారేసరికి ముక్కను జిగురుతో ఉమ్మేస్తే అది పెద్దదైందని అర్థం, సగం చేయండి. లెదర్ లాంటి మెత్తటి పగడాలు ముక్కలు తినవు, వాటికి నీటిలోని పోషకాలే ఆధారం. కొమ్మలుగా పెరిగే అక్రోపోరా జాతి రాతి పగడాలకు ఓపిక తక్కువ, అన్నీ సరిచేసినా కొన్ని పోతాయి.

డోసింగ్ పంపు (గూడు కట్టడానికి కావలసిన లవణాలను రోజూ కొలిచి పోసేది) ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. తెల్లబడిన పగడం గూడు కట్టడం తగ్గిస్తుంది, కాబట్టి ఆల్కలినిటీ (గూడుకు పనికొచ్చే కార్బనేట్ల పాళ్లు) వాడకం పడిపోతుంది. పంపు పాత లెక్కనే పోస్తుంటే ఆల్కలినిటీని కొలిచే డీకేహెచ్ లెక్కలో 8 ఉండాల్సింది 11, 12కి ఎక్కుతుంది. పోషకాలు తక్కువున్న టాంకులో ఇది పగడం కొసలను కాల్చేస్తుంది. రోజు విడిచి రోజు కొలిచి డోసు తగ్గించండి. నీటి మార్పు వారానికి 10 శాతం చాలు. ఆర్‌కే బీచ్ నుంచి క్యాన్లలో నీళ్లు తెచ్చి పోయాలనిపించినా వద్దు. నగరపు కాలువలు అక్కడే కలుస్తాయి. వర్షాకాలం తర్వాత నదుల నీరు చేరి బంగాళాఖాతం ఉప్పదనం కూడా తగ్గిపోతుంది.

హ్యామర్, టార్చ్ మీద గోధుమ రంగు జిగురు కనిపించి దుర్వాసన వస్తే అది బ్రౌన్ జెల్లీ అనే జబ్బు. పంపులు ఆపి జిగురును పీల్చేసి, ఆ కొమ్మను వేరుచేసి, అయోడిన్ డిప్ ఇవ్వాలి (అయోడిన్ కలిపిన నీటిలో కాసేపు ముంచాలి). ఈ జబ్బు లేని పగడాన్ని మాత్రం ముందుజాగ్రత్త పేరుతో డిప్‌లలో ముంచకండి.

మూడు నాలుగు వారాలకు నీడ వైపు, నోటి చుట్టూ లేత గోధుమ ఛాయ కనబడుతుంది. అది నాచు తిరిగి రావడమే. పాత ఆకుపచ్చ, ఊదా మెరుపు ఆ తర్వాత నెలలకు గానీ రాదు. ఛాయ మొత్తం పరుచుకున్నాకే జాలి ఒక మడత తీయండి, లేదా వారానికి 5 శాతం చొప్పున వెలుగు పెంచండి. మళ్లీ పాలిపోతే రెండు మెట్లు వెనక్కి దిగి, మరో మూడు వారాలు ఆగండి.

పోయినదాని బదులు కొత్తది కొనేవాళ్లు కాగితాలు అడిగి తీరాలి. రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. మన సముద్రంలోంచి చిన్న ముక్క తీసినా నేరమే. విదేశాల నుంచి తెచ్చినవాటికి సైటీస్ (అరుదైన జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) అనుమతి ఉండాలి.