కయ్యలోంచి ఎగిరిన రాకెట్

"మూడు, రెండు, ఒకటి" అని అరిచి మా మేనల్లుడు బటన్ నొక్కాడు. బుస్సుమని శబ్దం, తెల్లటి పొగ. తలెత్తి చూసేసరికి రాకెట్ ఎక్కడో పైన ఉంది!

అట్ట గొట్టం, బాల్సా చెక్క రెక్కలు, ప్లాస్టిక్ ముక్కు. కిట్ అంతే. కానీ ఎగరేసే ముందు వాడు చేసిన పని నాకు భలే నచ్చింది. మోటార్ (మంటతో రాకెట్‌ని పైకి తోసే మందు గొట్టం) పెట్టి, రాకెట్ సమంగా నిలిచే చోట దారం కట్టి, తల చుట్టూ గిరగిరా తిప్పాడు. "ముక్కు ముందుకే ఉంటే నేరుగా పోతుంది మామా, బరువు ముందు వైపు ఉండాలి" అన్నాడు.

మోటార్ మీద ఏ8-3 అని ఉంది. ఆ 3 ఏంటంటే, మంట ఆగిన 3 సెకన్లకు లోపల చిన్న పేలుడు జరిగి పారాచూట్‌ని బయటికి తోస్తుంది. ఆ కాసేపూ ఎంత టెన్షనో! టప్‌మని విచ్చుకోగానే అందరం ఈలలు.

నెల్లూరు వాళ్ళం, శ్రీహరికోట రాకెట్లను మిద్దెలెక్కి చూస్తూ పెరిగాం. అయినా మన చేత్తో జిగురు పూసిన రెక్క పైకి పోతుంటే ఆ సంతోషమే వేరు.

సముద్రపు గాలికి పారాచూట్ పడమరకు కొట్టుకుపోయింది. ఈసారి దాని బదులు రిబ్బన్ కడతాడట, దగ్గర్లోనే దిగుతుందని. ఆదివారం పొద్దున్నే, గాలి లేవకముందే ఎగరేస్తాం. పిల్లల్ని తీసుకుని రండి.