సెయింట్ మాలో కోటగోడ మీద

పారిస్ మాంపర్నాస్ స్టేషన్‌లో పొద్దున రైలెక్కితే భోజనాల వేళకి సెయింట్ మాలో, సముద్రం ఒడ్డున కోటగోడల మధ్య ఉన్న ఊరు. దిగగానే గుడ్డు, చీజు వేసిన ఒక్క అట్టుకి 14 యూరోలు తీసుకున్నారు. ఆ చిరాకుతోనే కోటగోడ ఎక్కాను.

నన్ను ఇంతదూరం రప్పించింది ఆంథొనీ డోర్ నవల 'ఆల్ ది లైట్ వి కెనాట్ సీ'. చూపులేని ఫ్రెంచి పిల్ల మరీ లోర్, జర్మన్ సైన్యంలో దొంగ రేడియోలు పసిగట్టే అనాథ కుర్రాడు వెర్నర్. రెండో ప్రపంచయుద్ధంలో, 1944 ఆగస్టులో, ఈ ఊరు తగలబడుతుంటే, వెర్నర్ ఆమెని కాపాడతాడు. తర్వాత తన సైన్యమే పాతిన మందుపాతర మీద కాలేసి చనిపోతాడు. ఆ పేజీ దగ్గర రచయిత మీద కోపంతో పుస్తకం మూసేశాను. చాన్నాళ్లు మళ్లీ తెరవలేదు.

నవల్లో మరీ లోర్ ఉన్న రూ వోబొరెల్ అనే వీధి నిజంగానే ఉంది. చుట్టూ రాతి ఇళ్లు చూస్తే వందల ఏళ్లవనిపిస్తుంది. కానీ అమెరికన్ల దాడిలో, మంటల్లో గోడల లోపలి ఊరు దాదాపు 80 శాతం పోయింది. ఇప్పుడున్నది యుద్ధం తర్వాత పాత పద్ధతిలో మళ్లీ కట్టుకున్నది. జర్మన్ల నుంచి ఊరిని విడిపించడానికి వచ్చినవాళ్ల చేతుల్లోనే ఊరు కాలిపోయింది. వెర్నర్ చావు రచయిత పెట్టిన మెలిక కాదని, యుద్ధం తీరే అదని నాకు అక్కడ అర్థమైంది. కోపం పోయింది. దుఃఖం పోలేదు.

గోడ మీంచి సెజాంబ్ర్ దీవి కనిపిస్తుంది. అక్కడి జర్మన్ దండు సెప్టెంబరు 2 దాకా లొంగలేదు. పేలని బాంబులు, మందుపాతరల భయంతో దీవిలో ఎక్కువ భాగానికి ఇప్పటికీ మనుషుల్ని రానివ్వరు. అక్కడ సముద్రపక్షులు గూళ్లు పెట్టుకుంటున్నాయి.

మాది విశాఖ. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులేసినప్పుడు మా అమ్మమ్మ చిన్నపిల్ల. జనమంతా మూటలు కట్టుకుని పల్లెలకి పరిగెత్తారని చెప్పేది. దీపావళి రాత్రి వెనకగదిలో తలుపేసుకుని కూర్చునేది. చిన్నప్పుడు మాకది చాదస్తంలా ఉండేది.

సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి నవల కథంతా చెప్పాను. వెర్నర్ సంగతి విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ పిల్ల బతికిందా?" అంది.

"బతికిందమ్మా. పారిస్‌లో చదువుకుని నత్తగుల్లల మీద పరిశోధన చేసింది. ముసలిదైంది. మనవడితో పార్కుకి కూడా వెళ్తుంది."

"హమ్మయ్య. అయితే ఆ పుస్తకం పట్టుకురా, నాకు చదివి వినిపిద్దువు గానీ."