పర్లాకిమిడి ఎండల్లో వైరస్ వెక్టర్: నా అనుభవం

వేసవిలో పర్లాకిమిడిలో ఏసీ ఆగిందంటే మొక్కల గది చూస్తూండగానే 34 డిగ్రీలు దాటుతుంది. ఇక్కడ వైరస్ సాయంతో మొక్కలోకి జన్యువు ఎక్కించే ఈ పని పెట్టుకునేవాళ్లు ముందు కరెంటు సంగతి చూసుకోవాలి, జన్యువు సంగతి తర్వాత.

మేము వాడింది టీఆర్‌బీఓ. పొగాకు మొజాయిక్ వైరస్‌లో కోటు ప్రోటీన్ (వైరస్ పైతొడుగు) జన్యువును చాలావరకు తీసేసి, ఆ చోట మనకు కావలసిన జన్యువును పెట్టుకునే వెక్టర్, అంటే జన్యువును మోసుకెళ్లే వాహనం, ఇది. కోటు లేదు కనుక పక్క కణంలోకి పాకుతుందే గానీ నాళాల్లోంచి పై ఆకులకు ఎక్కదు. లోపల జీఎఫ్‌పీ పెట్టాం. అది అతినీలలోహిత కాంతిలో పచ్చగా మెరిసే ప్రోటీన్, పని ఎక్కడ చెడిందో కంటికే తెలుస్తుంది.

మొక్క పొగాకు జాతికి చెందిన నికోటియానా బెంథామియానా, 4–5 వారాలది. మొగ్గ కనిపిస్తే పక్కన పెట్టేయాలి. పని మొదలెట్టే ముందు నీళ్లు పోసి వెలుతురులో ఉంచాలి. పత్రరంధ్రాలు మూసుకుంటే ద్రావణం ఎక్కదు, గట్టిగా నొక్కితే ఆకు చిరుగుతుంది.

ఈ వెక్టర్‌ను మొక్క కణాల్లోకి దాటించేది ఆగ్రోబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియా. దాని జీవీ3101 రకాన్ని కనామైసిన్ (యాంటీబయోటిక్) వేసిన ఎల్‌బీ పోషక ద్రావణంలో 28 డిగ్రీల దగ్గర రాత్రంతా పెంచి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున దిగిన ముద్దను బఫర్‌లో కలిపాం. బఫర్‌లో ఎంఈఎస్ (పీహెచ్‌ను నిలిపే రసాయనం), మెగ్నీషియం క్లోరైడ్ 10 మిల్లీమోలార్ చొప్పున, పీహెచ్ 5.6, ప్రతి 100 మి.లీ.కి 100 మిల్లీమోలార్ అసిటోసిరింగోన్ (బ్యాక్టీరియాను పనికి ఉసిగొల్పే రసాయనం) స్టాక్ 200 మైక్రోలీటర్లు. ఓడీని, అంటే బ్యాక్టీరియా చిక్కదనాన్ని, 0.5కి తెచ్చి చీకట్లో 3 గంటలు వదిలేశాం. పీహెచ్ పైకి పోతే డీఎన్ఏను మొక్కలోకి పంపే విర్ జన్యువులు సరిగా మేలుకోవు, మీటరు కాలిబ్రేషన్‌కి బద్ధకించకండి.

సూది తీసేసిన 1 మి.లీ. సిరంజిని ఆకు అడుగున ఆనించి, పైనుంచి వేలు అడ్డుపెట్టి మెల్లగా తోస్తే తడిమరక రూపాయి బిళ్లంత పాకుతుంది.

5వ రోజు లైట్లు ఆర్పి 365 నానోమీటర్ల టార్చ్ వేశాం. పత్రహరితం వల్ల ఆకంతా ముదురు ఎరుపు. మరక మేరా నిండుగా పచ్చగా వెలగాల్సింది, ఏడెనిమిది చుక్కలే ఉన్నాయి. అయితే ఆవగింజంత చుక్క రెండ్రోజుల్లో పెసరగింజంత అయింది. ఆనవాలు అదే. చుక్క పెరుగుతోందంటే వైరస్‌కి, జన్యువుకి ఏ లోపమూ లేదు. చుక్కలు తక్కువంటే డీఎన్ఏ అందిన కణాలు తక్కువ. 29 డిగ్రీలకు చేరేసరికి ఆగ్రో డీఎన్ఏను దాటించడం దాదాపు మానేస్తుంది. ఫ్లాస్కులో 28 దగ్గర ఏపుగా పెరుగుతుంది కాబట్టి మొక్కలోనూ ఫరవాలేదనుకుంటాం, అక్కడే దెబ్బతింటాం. చాలామంది చేసినట్టు ఓడీని 1.5కి పెంచి చూశాం, ఆకు పసుపెక్కిందే గానీ చుక్కలు పెరగలేదు. తర్వాతి విడతలో మొదటి 48 గంటలు 22 డిగ్రీలకు తగ్గకుండా, 24 దాటకుండా, ఇన్వర్టర్ వేసి కాశాం. మరకంతా ఒకటే వెలుగు.

ఇంకో చిక్కు: రెండు మొక్కల్లో పై ఆకులు ముడుచుకున్నాయి, వెలుగు మాత్రం లేదు. మన వెక్టర్ పైకి ఎక్కదుగా! అంటే అసలు పొగాకు మొజాయిక్ వైరసే బయటినుంచి వచ్చింది. ఎండిన పొగాకులో అది చాలాకాలం బతికే ఉంటుంది. చుట్ట, ఖైనీ, గుట్కా ముట్టుకున్న చేతులు చాలు. మా వైపు అడ్డపొగ (నిప్పు కొస నోట్లో పెట్టుకుని చుట్ట) తాగేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇప్పుడు గుమ్మం దగ్గరే సబ్బు, ఆ పక్కన 100 మి.లీ. నీళ్లకు 20 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపిన గిన్నె. చేతులు, కత్తెర అందులో ముంచాకే లోపలికి. పని అయ్యాక ఆకులు, మట్టి, సిరంజిలు 121 డిగ్రీల ఆటోక్లేవ్‌లోకే, చెత్తకుండీలోకి కాదు.