కొవ్వాడ వెళ్లొచ్చాక

నిన్న రణస్థలం మీదుగా మన శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ వెళ్లాను. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన తల ఎత్తకుండానే అడిగాడు: "ఊరు ఖాళీ చేయిస్తారంట. మరి సముద్రం ఎక్కడిస్తారు బాబూ?" నోట మాట రాలేదు.

అక్కడ ఒక్కోటి 1208 మెగావాట్ల అణు రియాక్టర్లు ఆరు కడతామంటున్నారు. అణు విద్యుత్తు పేరెత్తితేనే వద్దనే మనిషిని కాను. బొగ్గు పొగ కూడా ప్రాణాలు తీస్తుంది. కానీ 2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణు కేంద్రంలో సునామీ నీళ్లు డీజిల్ జనరేటర్లను ముంచేశాయి. చల్లబరిచే పంపులకు కరెంటు లేక మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగిపోయింది. మనదీ సముద్ర తీరమే కదా.

అంతకంటే టెన్షన్ పెట్టేది అధికారం తీరు. థర్మల్ ప్లాంట్లు మాకొద్దన్నందుకు 2010లో సోంపేటలో, 2011లో కాకరాపల్లిలో పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. మన జిల్లా అది మర్చిపోలేదు. అదే 2010లో వచ్చిన అణు బాధ్యత చట్టం, ప్రమాదం జరిగితే ప్లాంటు నడిపేవాళ్లు కట్టాల్సిన పరిహారానికి 1500 కోట్ల దగ్గర గీత గీసేసింది. ఊళ్లకు ఊళ్లు వదిలి పోవాల్సి వస్తే అది ఏ మూలకు?

భద్రతా నివేదిక తెలుగులో అచ్చేసి, గ్రామసభలో చదివి వినిపించండి. ప్రశ్న అడిగినవాడి మీద కేసు పెట్టకండి. రియాక్టర్ల సంగతి ఆ తర్వాత మాట్లాడదాం.